ఒకటో నంబరు కబురు

మొన్న మంగళవారం పొద్దున్న ఏడున్నరకి బల్ల మీద ఫోన్ గుర్రుమంది. కళ్ళజోడు వెతుక్కుని చూస్తే నూకాలు దగ్గర్నుంచి మెసేజ్. "మెకానిక్ బాబాయ్ తెల్లారి పోనాడు. నువ్వు కంగారు పడకు. ఆటో పంపుతన్నాను. కర్ర మర్సిపోకు."

రెండుసార్లు చదివాను. మొదటిసారి కబురు కోసం. రెండోసారి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఆ అక్షరాల కోసం. ఒకప్పుడు చేపల గంప నా బూత్ మెట్ల దగ్గర దించి, "ఈ నంబరు కలుపక్కా" అని చెమటకి తడిసిన చీటీ అందించిన నూకాలు, ఇవాళ తన చేత్తో తెలుగు అక్షరాలు నొక్కి చావు కబురు పంపింది. అందులోనే నా కుంటికాలికి ఆటో ఏర్పాటు కూడా చేసింది. మనిషి పోయాడన్న ఏడుపు, ఆ మనిషి ముందే చెప్పింది జరిగిందన్న సంతోషం ఒకేసారి వచ్చాయి. ఆటో హారన్ వినిపించే దాకా ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. రాసినా మా వీధిలో సగం మందికి ఎవరో తెలీదు. అందరికీ ఆయన మెకానిక్కే. నాకు బాబాయ్. చుట్టరికం ఏమీ లేదు, మా ఊళ్ళో వరసలు కలుపుకోవడానికి చుట్టరికం ఉండాలని రూలు కూడా లేదు.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చుంటే, తొంభైల మధ్యలో వికలాంగుల కోటాలో ఎస్టీడీ బూత్ ఇచ్చారు. పాత పోస్టాఫీసు దాటి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే దారిలో ఒక గది, రెండు అద్దాల క్యాబిన్లు, ముందు అరుగు. ఇటునుంచి పోర్టులో ఓడ దిగిన మనుషులు ఇంటికి ఫోన్లు చేసుకోవడానికి వచ్చేవారు. అటునుంచి హార్బర్ ఆడవాళ్ళు వచ్చేవారు. బూత్ తెరిచిన నెలకి ఒక సన్నపాటి మనిషి, జేబులో టెస్టరూ, చేతిలో చిన్న రేకు పెట్టె పట్టుకుని వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"తల్లీ, నీ అరుగు మీద మూరెడు జాగా ఇత్తావా? రేడియోలు బాగు సేసుకుంటాను. నీ ఫోన్లకేటైనా అయితే నాను సూసుకుంటాను."

ఓడల్లో రేడియో సెట్లు బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర పనిచేశాడట. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే ఈయన రోడ్డున పడ్డాడు. నేను జాలిపడి ఇచ్చింది కాదు. ఒంటరిగా కూర్చునేదాన్ని, గుమ్మంలో ఒక మగమనిషి ఉంటే తాగుబోతులు లోపలికి రారని లెక్క వేసుకుని ఇచ్చాను. ఆయన పదమూడేళ్ళు ఆ మూరెడు జాగాలోనే ఉన్నాడు. మూరెడు కాస్తా మూరన్నర కూడా కాలేదు.

ఆయన బల్ల మీద అన్నిటికన్నా ముందు కనిపించేది ఇడ్లీ రేకు. నవ్వకండి, నిజమే. విప్పిన సెట్టు మరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా, ఒక్కో సెట్టు మరలు ఒక్కో గుంటలో వేసేవాడు. నాలుగు గుంటలు, నాలుగు సెట్లు. అయిదో సెట్టు ఎంత పెద్దమనిషి తెచ్చినా విప్పేవాడు కాదు. "గుంటలన్నీ నిండిపోనాయి బాబూ, రేపు రండి" అనేవాడు. ఇంట్లో ఆదివారం ఇడ్లీలు నాలుగు తక్కువ దిగుతున్నాయని వాళ్ళావిడ ఏళ్ళ తరబడి సణిగింది.

ఇంకో అలవాటు. ఏ సెట్టు తెచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని, "ఏటి తల్లీ, ఏటయినాది నీకు?" అని అడిగేవాడు. తెచ్చినవాడిని ఏమీ అడిగేవాడు కాదు. మనిషి అబద్ధమాడతాడు, నీళ్ళలో పడేసి పడలేదంటాడు, సెట్టు అలా అనదు అని ఆయన నమ్మకం. కళ్ళజోడులో ఒక వైపు మామూలు అద్దం, ఇంకోవైపు భూతద్దం. ఆ జోడుతో తలెత్తి చూస్తే ఒక కన్ను మామూలుగా, ఒక కన్ను కోడిగుడ్డంత కనిపించేది. కొత్తవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవారు. కనెక్షన్ పనిమీద వచ్చిన లైన్‌మన్ కూడా ఒకసారి వేశాడు.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆయన రేడియోలు మానేసి వాటి మీద పడ్డాడు. ఓడ మనుషులు నా క్యాబిన్‌లో దూరి ఇంటికి ఫోన్ చేసుకుంటూ, తమ సెట్లు ఆయన బల్ల దగ్గర చార్జింగ్‌కి పెట్టేవారు. మన కొట్లలోకి ఇంకా రాని సెట్లు అవి. లోపల వాడు పెళ్ళాంతో మాట్లాడుతున్న పది నిమిషాలూ బయట బాబాయ్ ఆ సెట్టు చుట్టూ ప్రదక్షిణం చేసేవాడు. అడక్కుండా మాత్రం ముట్టుకునేవాడు కాదు. వాడు బయటికి వచ్చాక వేళ్ళతో సైగ చేసి అడిగేవాడు. వాడు నవ్వుతూ ఒక్కో మీటా నొక్కి చూపించేవాడు. ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు. వాళ్ళకి తెలుగు రాదు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకునేవారు.

అలా మా వీధికి కబుర్లు ముందే దిగేవి. నెత్తిన యాంటెన్నా కొమ్ము లేని ఫోన్ వస్తుందని, రంగుల తెర వస్తుందని, పాటలు వినిపిస్తుందని కంపెనీలు చెప్పుకోకముందే మా అరుగు మీద తెలిసిపోయేది. కబురు ఎంతవరకు నిజమో చెప్పడానికి ఆయనకి ఒక పద్ధతి ఉంది. తుపాను వచ్చే ముందు పోర్టులో నంబరు ఎగరేస్తారు కదా, ఆ పద్ధతి. ఒకటో నంబరంటే ఎవరో చెప్పగా విన్నాడు. మూడో నంబరంటే ఫొటో చూశాడు. పదో నంబరంటే తన చేత్తో ముట్టుకున్నాడు. హార్బర్ జనానికి ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? టీ కొట్టు దగ్గర నుంచే కేకేసేవారు, "మెకానిక్కూ, ఏటి విశేషం? ఎన్నో నెంబరు?" ఆయన పని లోంచి తల ఎత్తకుండా వేళ్ళు చూపించేవాడు.

అయితే కొన్ని కబుర్లు అందరికీ చెప్పేవాడు కాదు. ఆ సంగతి నాకు అప్పలరాజు వల్ల తెలిసింది.

అప్పలరాజుది మా పక్కనే ఫొటో స్టూడియో. ఒక మధ్యాహ్నం ఒక ఓడ కుర్రాడు తన ఫోన్ నా వైపు తిప్పి ఏదో నొక్కి, నా మొహం నాకే చూపించాడు. రంగుల్లో, కౌంటర్ వెనక నోరు తెరుచుకుని నేను. ఫోన్‌లో కెమెరా! నేను చప్పట్లు కొట్టాను. బాబాయ్ కొట్టలేదు. ఆ సెట్టుని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఇచ్చేసి, సాయంత్రం దాకా పక్క స్టూడియో వైపే చూస్తూ కూర్చున్నాడు. టీ తాగే వేళకి లేచి పక్క స్టూడియోకి వెళ్ళాడు. మధ్యలో ఉన్నది తడిక గోడ, నాకన్నీ వినిపించాయి.

"అప్పల్రాజు బావా, నీకో మాట సెప్పాల."

"సెప్పు బావా."

"ఫోన్లో కెమేరా వచ్చేత్తంది. పదో నెంబరు."

"ఫోన్లో కెమేరా ఏటి? రేపు పొద్దున్న కుక్కర్లో టీవీ కూడా వస్తదంటావేటి?"

"నవ్వు బావా, నవ్వు. నవ్వినాక ఆ కంప్యూటర్ మీద ఫొటోలు తీసీ పని నేర్సుకో. రీళ్ళు ఎక్కువ కొనుక్కోకు."

అప్పలరాజు నవ్వడం మానేశాడు. "నీ నోట మన్నడ! నా కొట్టు మూసీమంటావా?" అని అరిచాడు. మర్నాటి నుంచి రెండు నెలలు ఆయనతో కలిసి టీ తాగలేదు. ఎందుకొచ్చిన గొడవ, నీకెందుకు బాబాయ్ అని నేనే కేకలేశాను.

ఆయన టంకం వేస్తూ, "దెబ్బ ఎవుడికి తగుల్తాదో ఆడికి ముందు సెప్పాల తల్లీ. కొనుక్కునీవోడికేటి, కొట్లోకి వచ్చినాక కొనుక్కుంటాడు. తుపాను నెంబరు ఎవుల కోసం ఎగరేత్తారు? పడవ నీటిలో ఉన్నోడి కోసం గదా" అన్నాడు.

అప్పలరాజు మూడో నెల గప్‌చిప్‌గా డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్ క్లాసులో చేరాడు. కెమెరా ఫోన్లు ఊళ్ళోకి దిగేసరికి, ఫోన్‌లో ఫొటోలు కాగితం మీదకి తీసిచ్చే కొట్టు మా వైపు అదొక్కటే. బాబాయ్‌కి థాంక్స్ చెప్పాడా అంటే చెప్పలేదు. ఏడాదికోసారి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టు దువ్వించి ఒక ఫొటో మాత్రం తీసేవాడు.

ఇక నా సంగతి. అది చెప్పాలంటే నా పలక గురించి చెప్పాలి.

నా బూత్ గోడకి మేకు కొట్టి ఒక పలక వేలాడదీశాను. బోట్ల మీద వేటకి వెళ్ళిన మగవాళ్ళు పారాదీప్‌లోనో కాకినాడలోనో ఒడ్డుకి దిగితే అక్కడి బూత్ నుంచి నాకు ఫోన్ చేసేవారు. వాళ్ళు చెప్పింది నేను పలక మీద రాసేదాన్ని. "నూకాలుకి: పారాదీప్‌లో దిగాము, ఆదివారం వస్తాము." గంపలు నెత్తిన పెట్టుకుని సీతమ్మధార వైపు చేపలమ్మడానికి వెళ్ళే ఆడవాళ్ళు బూత్ ముందు ఒక్క క్షణం ఆగి, పలక చదువుకుని, నవ్వుకుంటూ వెళ్ళేవారు. సాయంకాలం బళ్ళలో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నవాళ్ళు వాళ్ళంతా. తెలుగు వచ్చు. ఇంగ్లీషు రాదు.

నా ధీమా అదే. చుట్టుపక్కల బూత్‌లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సెల్‌కి వచ్చే కాల్స్ ఉచితం అయ్యాక మధ్యతరగతి వాళ్ళు రావడం మానేశారు. ఓడ మనుషులూ తగ్గారు. కానీ హార్బర్ ఆడవాళ్ళు ఎక్కడికి పోతారు? సెల్‌ఫోన్ నిండా ఇంగ్లీషే. దాన్ని వాళ్ళేం చేసుకుంటారు? అందుకని నేను ఒక గొప్ప ప్లాన్ వేశాను. రెండోవైపు ఖాళీగా ఉన్న పక్కగది కూడా తీసుకుని ఇంకో రెండు క్యాబిన్లు కట్టించాలి. గది ఓనరు అయిదేళ్ళ కాగితం రాయమన్నాడు. గురువారం సంతకం పెట్టకపోతే బియ్యం కొట్టు ఆయనకి ఇచ్చేస్తానన్నాడు. అమ్మ గాజులు అమ్మడానికి బీరువాలోంచి తీసి పర్సులో పెట్టుకున్నాను. నాకున్నవల్లా ఆ బూత్, ఆ గాజులు. రెండూ ఒకే సంతకం మీద పెడుతున్నాను.

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకి, వీధిలో కుక్క కూడా కదలని వేళ, బాబాయ్ లోపలికి వచ్చాడు. ఆయన గుమ్మం దాటి లోపలికి రావడం అరుదు.

"తల్లీ, గురువారం ఆ కాయితం మీద సంతకం ఎట్టకు."

"ఏటి బాబాయ్? ఎందుకు?"

"ఎట్టకు. అంతే."

"అంతే అంటే ఎలగ? కారణం చెప్పు."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట పట్టకపోయినా మళ్ళీ తుడుచుకున్నాడు. నాకు కోపం తన్నుకొచ్చింది. నాకు కోపం తొందరగానే వస్తుంది, కాలు నడవకపోతే నోరు నడుస్తుందని మా అమ్మ అనేది.

"అప్పలరాజుకి చెప్పినట్టు నాకూ చెబుతన్నావా? ఏటి, నాను బాగుపడితే నీకు కష్టమా? నా నీడలో కూచుని నా బూత్‌కే ఎసరు పెడతన్నావా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే చెవుల్లో గుచ్చుకుంది. ఆయన బయటికి వెళ్ళి తన టిఫిన్ బాక్సు తెచ్చి నా కౌంటర్ మీద పెట్టి మూత తీశాడు. అన్నం లేదు. తువ్వాలు ముక్కలో చుట్టిన ఒక చిన్న సెల్‌ఫోన్ ఉంది.

అప్పుడు చెప్పాడు. ద్వారకానగర్‌లో ఒక పెద్ద డీలరు ఉన్నాడు. ఒక కంపెనీ కొత్త సెట్లు వారం తర్వాత బీచ్ రోడ్డు హోటల్లో సభ పెట్టి విడుదల చేస్తుంది. అందులో చూపించడానికి డీలరుకి ఆరు సెట్లు ముందే వచ్చాయి. దారిలో వానకి రెండు తడిసి బిగుసుకుపోయాయి. కంపెనీకి చెబితే సీలు ఎందుకు విప్పావంటారు. అందుకని చాటుగా బాబాయ్‌కి తెచ్చిచ్చాడు. సభ రోజు దాకా ఈ సెట్టు సంగతి ఈగకి కూడా తెలియకూడదని ఒట్టు వేయించుకున్నాడు.

"మరి నాకెందుకు చెబుతన్నావు?"

ఆయన మేకు మీది పలక తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఆ పొద్దున్న నేను రాసిన మాటలే ఉన్నాయి దాని మీద. సెట్టు పక్కన పెట్టి, కోడిగుడ్డు కన్నుతో పలక చూస్తూ, ఒక్కో మీటా నొక్కడం మొదలుపెట్టాడు. ఒక అక్షరం కోసం మూడుసార్లు నొక్కాలి. వత్తు కోసం ఇంకోటి. పావుగంట పట్టింది. నేను విసుగ్గా చూస్తున్నాను. తర్వాత సెట్టు నా వైపు తిప్పాడు.

అగ్గిపెట్టెంత తెర మీద, నా పలక మీద ఉన్నది ఉన్నట్టుగా, తెలుగులో. నూకాలుకి: పారాదీప్‌లో దిగాము, ఆదివారం వస్తాము.

"నీ పలకని జేబులో ఎట్టేసేరు తల్లీ" అన్నాడు.

నేను ఆ తెరని చూస్తూ ఉండిపోయాను. ఎంత అందంగా ఉన్నాయో ఆ అక్షరాలు! ముందు అదే అనిపించింది. తర్వాత విషయం తలకెక్కింది. నూకాలు జేబులోనే పలక ఉంటే నూకాలు నా గుమ్మం ఎందుకెక్కుతుంది? నాలుగు క్యాబిన్లలో కూర్చుని నేను ఎవరికి నంబర్లు కలుపుతాను?

"ఎన్నో నెంబరు బాబాయ్?" అన్నాను, తెలిసి కూడా.

"పది. సూసేవు గదా."

ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, అలాంటివి ఆయనకి చేతకావు. పలక తుడవకుండా మళ్ళీ మేకుకి తగిలించి, "పలక పోద్ది. రాసీ సెయ్యి ఎక్కడికీ పోదు. ఆ అచ్చరాలు నొక్కడం ఈళ్ళకి ఎవులు నేర్పుతారనుకున్నావు, ఆ కంపినీవోడా?" అన్నాడు. నేను ముక్కు చీదుకుంటూ, నువ్వింక వెళ్ళి నీ పని చూసుకో అన్నాను.

మర్నాడు పొద్దున్న ఆయన బల్ల ఖాళీ. పదకొండింటికి వచ్చాడు. ఇడ్లీ రేకు తుడిచి, మరలు సర్దుకుని, మామూలుగా పనిలో పడ్డాడు. ఎక్కడికి వెళ్ళావని అడిగితే ద్వారకానగర్ అన్నాడు. సెట్లు ఇచ్చేసి వచ్చాడనుకున్నాను.

గురువారం ఓనరు కాగితం పట్టుకొచ్చాడు. పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టాడు. పలక వైపు చూశాను. పెన్ను మూత పెట్టి ఇచ్చేశాను. పక్కగది బియ్యం కొట్టు అయింది. నేను నాశనమైపోతున్నానని మా అన్నయ్య ఇంటికొచ్చి మరీ తిట్టాడు. సభ రోజు దాకా నాకూ నోరు లేదు మరి.

వారం పోయాక తడిక అవతలి నుంచి అప్పలరాజు అసలు సంగతి చెప్పాడు. ఆ డీలరు ద్వారకానగర్‌లో కొత్త షోరూమ్ పెడుతున్నాడు. అందులో సర్వీసు కౌంటర్ బాబాయ్‌కి ఇస్తానన్నాడు. ఏసీ గది, వీపు ఆనించుకునే కుర్చీ. పదేళ్ళుగా స్టూలు మీద కూర్చుని నడుం పోయిన మనిషికి ఆ కుర్చీ అంటే ఎంత ఆశో నాకు తెలుసు. వాళ్ళావిడ దానికోసం కొత్త చొక్కా కూడా కుట్టించింది. మంగళవారం పొద్దున్న ఈయన వెళ్ళి, ఇలా ఒకరికి చెప్పేశానని తనంతట తనే చెప్పాడట. ఎవరికి చెప్పావంటే అది మాత్రం చెప్పలేదట. డీలరు సెట్లు తీసుకుని, ఇంక రావద్దన్నాడు. డీలర్ని కూడా తప్పు పట్టలేను. నోరు ఆగని మనిషిని కౌంటర్‌లో ఎవరు కూర్చోబెట్టుకుంటారు?

కర్ర పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను. కౌంటర్ వెనక నుంచి లేవడమంటే నాకు పెద్ద పనే.

"ఏటి బాబాయ్ ఈ పని? నువ్వు చెప్పకపోతే ఆయనకెలాగ తెలుస్తాది? నాను ఎవరికీ చెప్పలేదు కదా!"

"ఒట్టు తప్పేను తల్లీ. అది ఒక తప్పు. దాసిపెడితే రెండవుతాయి" అన్నాడు, భూతద్దం లోంచి ఏదో తీగ చూసుకుంటూ. తీగ కింద పెట్టి, "ఏసీ నాకు పడదులే" అన్నాడు. అబద్ధం. ఎండాకాలం అప్పలరాజు కంప్యూటర్ గదిలో ఏసీ పెట్టించాక ఏదో ఒక వంకతో రోజూ అక్కడ దూరేవాడు.

ఎసరు పెడుతున్నావా అన్న మాటకి క్షమించమని ఆ రోజే అడగాల్సింది. నోటి దాకా వచ్చింది. దాని బదులు టీ తెప్పించాను. పదమూడేళ్ళలో నేను ఆయనకి చెప్పిన క్షమాపణ ఆ టీయే.

తెలుగు సెట్టు విడుదలైన ఏడాదికి నూకాలు ఒక పాత సెట్టు కొనుక్కుని, కొంగులో దాచుకుని వచ్చింది. "అక్కా, ఎవులూ సూడకుండా నేర్పు" అంది. ఇంత వయసొచ్చి తడబడుతుంటే పిల్లలు నవ్వుతారని సిగ్గు. ఖాళీగా ఉన్న క్యాబిన్‌లో కూర్చోబెట్టి తలుపు వేశాను. అద్దానికి కేలండర్ కాగితాలు అతికించాను. లోపల ఫ్యాను కింద నూకాలు రెండు రోజులు నొక్కింది. మూడో రోజు బయట కూర్చున్న నాకు నా సెల్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా తలుపు తియ్యి ఉక్కగా ఉంది." ఇద్దరం ఎంత నవ్వామో చెప్పలేను. బాబాయ్ అరుగు మీద నుంచి తొంగిచూసి, ఏటా నవ్వులు అన్నాడు. ఫోన్ చూపించాను. మామూలు కంటితో చదివాడు, తర్వాత భూతద్దం కంటితో చదివాడు, వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. రెండు క్యాబిన్లూ బళ్ళయ్యాయి. రీచార్జీలు, పేర్లు ఎక్కించడం, మెసేజ్‌లు నేర్పడం, ఇదే ఇప్పటికీ నా బతుకు. నాలుగు క్యాబిన్లు కట్టి ఉంటే ఏమయ్యేదాన్నో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అమ్మ గాజులు నా చేతికే ఉన్నాయి.

నెల కిందట జ్ఞానాపురంలో వాళ్ళింటికి చూడ్డానికి వెళ్ళాను. మంచం పట్టాడు, ఊపిరి అందడం లేదు. మనిషి సగమయ్యాడు. కళ్ళజోడు మాత్రం దిండు పక్కనే ఉంది. నన్ను చూడగానే లేవబోయాడు.

"తల్లీ, బాగా వచ్చినావు. నీకో కబురుంది. మంచాన పడక ముందల ఓడ మడిసి ఒకడు సెప్పినాడు. ఇంక నొక్కక్కర్నేదట. ఫోన్ ముందల మాటాడితే సాలు, అదే రాసీసుకుంటాదట."

"తెలుగులోనా?"

"ఇప్పుడు ఇంగిలీసేనట. తెలుగు వత్తాది. రాకెక్కడికి పోద్ది?"

అంటే నొక్కడం నేర్పే అవసరమే ఉండదు. అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. "మళ్ళీ నా కొంపకేనా బాబాయ్ ఎసరు?" అన్నాను. ఆ మాట నేను కావాలనే అన్నాను. ఆయన నవ్వాడు, నవ్వు దగ్గయింది, వాళ్ళావిడ వచ్చి వీపు రాస్తే తేరుకున్నాడు.

"అందుకేగదా ముందల నీకు సెప్తన్నాను" అన్నాడు.

"ఎన్నో నెంబరు?"

దుప్పటి లోంచి చెయ్యి తీసి ఒక వేలు చూపించాడు. టంకంతో కాలి గట్టిపడిన వేలు. ఆ చేతిని పట్టుకుని, అప్పుడన్నందుకు ఏమీ అనుకోకు బాబాయ్ అన్నాను. "ఎప్పుడన్నావు?" అన్నాడు. మరిచిపోయాడో, మరిచినట్టు నటించాడో నాకు తెలీదు.

మంగళవారం నూకాలు పంపిన ఆటోలో వెళ్ళేసరికి వాకిట్లో దండ వేసిన ఫొటో పెట్టారు. అప్పలరాజు తీసిందే. జుట్టు దువ్వుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, కుర్చీలో వీపు ఆనించుకుని కూర్చున్నాడు. ఆ చొక్కా వాళ్ళావిడ ఎప్పుడు కుట్టించిందో నాకు తెలుసు. ఫొటో ముందు నిలబడలేకపోయాను. అప్పలరాజు నా కర్ర పట్టుకున్నాడు, నేను గోడకి ఆనుకుని ఏడ్చాను.

నిన్న బూత్ తెరిచాను. బల్ల అలాగే ఉంది. ఇడ్లీ రేకులో ఒక గుంటలో ఎవరి సెట్టువో మూడు మరలు ఉన్నాయి, తియ్యలేదు. పదింటికి నూకాలు అత్తగారు పోలమ్మ వచ్చి అరుగు మీద చతికిలబడింది. డెబ్భై దాటాయి. ఆ రోజుల్లో సాయంకాలం బడికి రమ్మంటే చేపలెవరు ఎండేస్తారని రాలేదు. కొడుకు బోటు కాకినాడలో ఉంది, ఫోన్ కలపమంది. కలిపాను. మాట్లాడి, సెట్టు నాకిచ్చి నిట్టూర్చింది.

"నూకాలైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు రాసీసుకుంటాది. నాకా అచ్చరం ముక్క రాదు. నా బతుకింతే."

"ఇంతే కాదు పోలమ్మత్తా. ఫోన్‌తో మాట్లాడితే అదే రాసేసుకునేది వస్తందట. అక్షరాలు రాకపోయినా పరవాలేదు."

"ఎవులు సెప్పినారు?"

"మెకానిక్ బాబాయ్."

పోలమ్మత్త ఖాళీ స్టూలు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎన్నో నెంబరు?" అంది.

నేను ఒక వేలు చూపించాను.

ముసలామె ఆ వేలిని చూసి తలాడించింది. మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి, కొంగు దులుపుకుని బొడ్లో దోపుకుంది.

"అయితే అందాకా బతికుంటాన్లే" అని చెప్పి, హార్బర్ వైపు నడిచింది.